మోటౌన్, స్టాక్స్ పాటలకు తేడా తెలియాలంటే కాసేపు గొంతు వదిలేసి బేస్ వినండి

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఉంటాను. ఏడాదిగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నాను. బీటిల్స్ విన్నాక 60ల నాటి అమెరికన్ నల్లజాతి గాయకుల సోల్ పాటల మీదికి మనసు పోయింది. కానీ నాకు అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి. ఇది మోటౌన్ అంటారు, అది స్టాక్స్ అంటారు, తేడా ఏమీ తెలియట్లేదు. ఆ హిట్లన్నింటికీ వాయించింది ఒకే గుంపు అని ఎక్కడో చదివాను, నిజమేనా? ఏ పాటతో మొదలుపెట్టమంటారు? మోటౌన్‌లో బేస్ వాయించిన జేమర్సన్ తన గిటారుకి తీగలే మార్చేవాడు కాదట, నేనూ మార్చకుండా ఉండొచ్చా?"

నిజమే, ఒక్క సవరణతో. ఒకే గుంపు కాదు, ఊరికో గుంపు. మోటౌన్ రికార్డుల కంపెనీ ఉన్న డెట్రాయిట్‌లో ఒకటి, స్టాక్స్ కంపెనీ ఉన్న మెంఫిస్‌లో ఒకటి, అలబామాలో టెనెసీ నది పక్కన చిన్న ఊళ్లలో ఒకటి, లాస్ ఏంజెలెస్‌లో ఒకటి. గాయకులు వస్తుంటారు, పోతుంటారు. గదిలో కూర్చుని వాయించేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వాళ్లే. చాలా పాటల డిస్కు మీద వాళ్ల పేర్లు ఉండవు. మద్రాసులో మన సినిమా పాటలకు వయొలిన్లు, తబలాలు వాయించినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? అక్కడా అదే కథ.

మీకు అన్నీ ఒకేలా వినిపించడానికి కారణం, మీరు గొంతు పట్టుకుని వెళ్తున్నారు. అందరం అలాగే వింటాం, తప్పేం లేదు. కానీ గొంతును బట్టి పోతే ఎవరు పాడారో తెలుస్తుంది గానీ ఏ ఊరిదో తెలియదు. ఊరు తెలియాలంటే అడుగున ఉన్న బేస్, డ్రమ్స్ వినాలి. బేస్ నేర్చుకుంటున్నారు కాబట్టి మీకు ఇది అందరికంటే తేలిక.

నా సంగతి ఒక ముక్క చెబుతాను, ఈ సలహాలు ఎవరిస్తున్నారో తెలియాలి కదా. గుంటూరులో చర్చి క్వైర్‌లో బేస్ వాయించేవాణ్ణి. 1999లో ఉద్యోగం మీద మిషిగన్ వచ్చాను. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చాలామందిలాగే నాదీ కార్ల పనే. శనివారాలు నలుగురం కలిసి పాత సోల్ పాటలు వాయిస్తుంటాం. ఇరవై ఏళ్లలో వేదిక మీద నేను చేసిన తప్పులన్నీ ఈ పాటల్లోనే చేశాను.

ముందు డెట్రాయిట్. మోటౌన్ పెట్టిన బెర్రీ గోర్డీ కొన్నాళ్లు బాక్సింగ్ చేశాడు, తర్వాత జాజ్ రికార్డుల షాపు పెట్టి మూసేశాడు, ఆపైన లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేశాడు. 1959లో ఇంట్లోవాళ్లు అందరూ కలిసి దాచుకునే డబ్బులోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ మొదలుపెట్టాడు. అదే ఏడాది వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొన్నాడు. అంతకుముందు అది ఒక ఫోటోగ్రాఫర్ స్టూడియో. ముందు గోడకి 'హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.' అని బోర్డు పెట్టాడు. అప్పటికి కంపెనీకి పెద్ద హిట్లేమీ లేవు, బోర్డే ముందు వచ్చింది.

ఫ్యాక్టరీలో బండి ఒక చివర చాసిస్‌గా మొదలై ఇంకో చివర తళతళలాడుతూ బయటికొస్తుంది. పాటని కూడా అలాగే తయారుచేయాలన్నది ఆయన ఆలోచన. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, గాయకులకు నడక నేర్పే టీచరు వేరు, డాన్సు మాస్టరు వేరు. తయారైన పాటల్ని వారానికోసారి మీటింగులో కూర్చుని క్వాలిటీ కంట్రోల్ అని ఓటు వేసేవాళ్లు. జేబులో ఉన్న ఆఖరి డాలరుతో ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా అని గోర్డీ అడిగేవాడట. నేను ఇదే ఊళ్లో క్వాలిటీ రివ్యూల్లో పాతికేళ్లుగా కూర్చుంటున్నాను, ఇంత సూటి ప్రశ్న ఒక్కసారీ వినలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. నాలుగైదుసార్లు వెళ్లాను, ఊరినుంచి ఎవరొచ్చినా నయాగరా తర్వాత అక్కడికే తీసుకెళ్తాను. పైఅంతస్తులో ఒకచోట సీలింగులో కన్నం ఉంటుంది. దాని కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటారు. ఆ చప్పుడు అటకలోకి వెళ్లి గుండ్రంగా తిరిగి మీ నెత్తిమీదికి దిగుతుంది. డెట్రాయిట్ పాటల్లో గొంతు చుట్టూ మెరుపులా వినిపించేది ఈ అటకే. కిందికి దిగితే నడవాలో మిఠాయిల మెషీను ఉంటుంది. స్టీవీ వండర్‌కి చూపు లేదు కాబట్టి, ఆయనకిష్టమైన చాక్లెట్ ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేవాళ్లట, చేత్తో తడిమి తీసుకోవడానికి. దాటితే స్టూడియో. నాకు మొదటిసారి చూసినప్పుడు 'ఇంతేనా' అనిపించింది. మన ఊళ్లో రెండు కార్లు పెట్టే షెడ్డు ఎంత ఉంటుందో అంత. వైర్లు పైనుంచి పాముల్లా వేలాడేవని వాయించేవాళ్లు దానికి పాముల గుంట అని పేరు పెట్టుకున్నారు. అందులో పియానో, డ్రమ్స్, ముగ్గురు గిటారిస్టులు, బేస్, టాంబరిన్, అందరూ ఒకరి మోకాలికి ఒకరు తగులుతూ.

ఆ గుంపు పేరు ఫంక్ బ్రదర్స్. పియానో మీద ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్స్ మీద బెన్నీ బెంజమిన్, ఆయనకు వీల్లేనప్పుడు యూరియల్ జోన్స్, పిస్టల్ ఆలెన్. గిటార్లు రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా. టాంబరిన్ జాక్ ఆష్‌ఫోర్డ్. బేస్ జేమ్స్ జేమర్సన్. వీళ్లలో చాలామంది రాత్రిళ్లు క్లబ్బుల్లో జాజ్ వాయించేవాళ్లే. పగలు ఇక్కడికొచ్చి మూడు నిమిషాల పాప్ పాటలు. ఆ జాజ్ చేయి పాప్ పాటలో దూరడమే మోటౌన్‌లో అసలు విషయం.

ఇక మీరు టెంప్టేషన్స్ పాడిన 'మై గర్ల్' పెట్టండి. 1964 డిసెంబరులో వచ్చింది, 1965 మార్చిలో అమెరికా చార్టులో నంబర్ వన్. స్మోకీ రాబిన్సన్, రొనాల్డ్ వైట్ రాశారు, ముందు నిలబడి పాడింది డేవిడ్ రఫిన్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ఇరవై సెకన్లు మాత్రం నాలుగుసార్లు వినండి. మొదట జేమర్సన్ ఒక్కడే వస్తాడు: దుమ్, దు-దుమ్. మధ్యలో ఖాళీ. మళ్లీ దుమ్, దు-దుమ్. అంతే. ఆ ఖాళీలో ఏమీ లేదు, అదే అందం. తర్వాత రాబర్ట్ వైట్ గిటారు మెట్లెక్కినట్టు పైకి వెళ్తుంది. స్వరాలు జాగ్రత్తగా వినండి: స రి గ ప ద స. అవును, మోహన ఆరోహణే! డెట్రాయిట్ కుర్రాడికి మోహన రాగం ఎవరూ నేర్పలేదు, ఆ అయిదు స్వరాల మెట్లు ప్రపంచంలో చాలా సంగీతాలకు ఉమ్మడి సొత్తు. కింద స్వరాల గుత్తి (కార్డ్) మారగానే అవే మెట్లు ఇంకో షడ్జమం మీదినుంచి మళ్లీ ఎక్కుతాడు. అప్పుడు చిటికెలు, డ్రమ్స్, ఆ తర్వాతే గొంతు. ఒక్కొక్కరే గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

మధ్యలో వయొలిన్లు వస్తాయి. మోటౌన్ పాటల్లో ఆ పని చేసింది ఎక్కువగా డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రావాళ్లు. అవి ముగిసేసరికి పాట మొత్తం శ్రుతి ఒక పూర్తి మెట్టు పైకి వెళ్తుంది, సి నుంచి డి కి. మీకు తెలియకుండానే ఛాతీ కొంచెం విచ్చుకుంటుంది. మొదటిసారి ఈ పాట వేదిక మీద వాయించినప్పుడు బ్యాండంతా డి కి వెళ్లిపోయింది, నేను మాత్రం సి లోనే ఉన్నాను. నా వైపు మా డ్రమ్మర్ చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

మోటౌన్ గుర్తుపట్టడానికి ఇంకో ఆనవాలు స్నేర్ డ్రమ్, అంటే సెట్టులో చురుగ్గా ఠప్‌మని మోగేది. మామూలుగా పాప్ పాటలో రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి స్నేర్ పడుతుంది. మోటౌన్‌లో చాలాసార్లు నాలుగు దెబ్బలకీ పడుతుంది. ఫోర్ టాప్స్ 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' (1965) వినండి, మేకులు కొట్టినట్టు. సుప్రీమ్స్ 'వేర్ డిడ్ అవర్ లవ్ గో' (1964) మొదట్లో వినిపించే టపటపలైతే డ్రమ్స్ కూడా కాదు, చెక్క పలకల మీద కాళ్లతో తొక్కిన చప్పుడు. ఆ పాటని ముందు మోటౌన్‌లోనే ఇంకో అమ్మాయిల బృందం మార్వెలెట్స్‌కి ఇస్తే వద్దన్నారు. సుప్రీమ్స్‌కి అదే మొదటి నంబర్ వన్ అయింది.

జేమర్సన్ గురించి కాసేపు ఆగాలి. 1936లో దక్షిణ కరోలినాలో పుట్టాడు, 1954లో డెట్రాయిట్ వచ్చాడు. స్కూల్లో నేర్చింది నిలబెట్టి వాయించే పెద్ద బేస్. తర్వాత 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ చేతికి వచ్చినా చేయి మాత్రం పాతదే: కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలికి 'హుక్' అని పేరు. రెండు వేళ్లతో మనం కష్టపడి పలికించేది ఆయన ఒక్క వేలితో దాటేసేవాడు. మొదట్లో పాప్ పాటలో బేస్ అంటే కార్డ్‌కి తగ్గ మూలస్వరం పట్టుకుని నిలబడటమే. జేమర్సన్ దాన్ని నడిపించాడు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఒక మాట అంటాడు, మళ్లీ తగ్గుతాడు. ఫోర్ టాప్స్ 'బెర్నడెట్' (1967) వింటే పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ తన మీద జేమర్సన్ ప్రభావం ఉందని చాలాసార్లు చెప్పాడు. మీరు బీటిల్స్ నుంచి ఇటు వచ్చారంటే వచ్చిన దారినే వెనక్కి నడుస్తున్నారన్నమాట. వాళ్ల రెండో ఆల్బమ్‌లోనే (1963) మూడు మోటౌన్ పాటలున్నాయి: 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్', 'యూ రియల్లీ గాట్ ఎ హోల్డ్ ఆన్ మి', 'మనీ'.

మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' (1971) నాటి కథ బేస్ వాయించేవాళ్లందరికీ నోటికొచ్చు. మార్విన్ ఈ పాటకి జేమర్సన్ తప్ప వేరేవాళ్లు వద్దని వెతికించి క్లబ్బు నుంచి రప్పించాడు. ఆయన అప్పటికే బాగా తాగి ఉన్నాడు, స్టూలు మీద కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకుని వాయించాడు. ఆ మత్తులో ఆ బేస్ వినండి, ఎక్కడా ఒక్క దెబ్బ జారదు. ఇంకోటి, ఆ పాటలో మార్విన్ రెండు గొంతులతో తనకు తానే జవాబిస్తున్నట్టు ఉంటుంది కదా, అది అనుకుని చేసింది కాదు. ఏది బాగుందో చూసుకోవడానికి రెండు టేకులు అడిగితే ఇంజనీరు పొరపాటున రెండూ ఒకేసారి వినిపించాడు. మార్విన్ అలాగే ఉంచేశాడు. గోర్డీకి ఈ పాట మొదట నచ్చలేదు. ఈ ఆల్బమ్ మీదే ఫంక్ బ్రదర్స్ పేర్లు మొదటిసారి అచ్చయ్యాయి. అప్పటికి పన్నెండేళ్లు గడిచిపోయాయి.

మరుసటి ఏడాది, 1972లో, మోటౌన్ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. వాయించేవాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదంటారు, వచ్చి చూస్తే స్టూడియో తలుపు మీద కాగితం అంటించి ఉందట. ఫ్యాక్టరీలు మూతపడటం చూసిన ఊరు కదా, ఇక్కడి పెద్దవాళ్లు ఈ విషయం మామూలుగానే చెబుతారు. జేమర్సన్ కూడా కంపెనీ వెనకే వెళ్లాడు గానీ అక్కడ పెద్దగా కుదరలేదు. 1983లో 47 ఏళ్లకే పోయాడు.

ఇప్పుడు మెంఫిస్. ఇక్కడికి రాగానే చెవిలో గాలి మారాలి.

జిమ్ స్టూవర్ట్ బ్యాంకు ఉద్యోగి, పక్కన ఫిడేలు వాయించేవాడు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ తన ఇల్లు తాకట్టుపెట్టి టేపు రికార్డరు కొనిచ్చింది. ఇద్దరి ఇంటిపేర్లలో మొదటి అక్షరాలు కలిపితే స్టాక్స్. 1960లో మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడ్డ సినిమా హాలు అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు గానీ నేల వాలు సరిచేయలేదు, తెర ఉన్నవైపుకి జారుతున్నట్టే ఉండేది. ఇంటర్వెల్‌లో తినుబండారాలు అమ్మే కౌంటరు దగ్గర ఎస్టెల్ రికార్డుల షాపు పెట్టింది. వీధి పిల్లలు ఏ పాటకి కాలు కదుపుతున్నారో అక్కడే తెలిసిపోయేది. హాలు పెద్దది కాబట్టి ఆ పాటల్లో చుట్టూ చోటు వినిపిస్తుంది. డెట్రాయిట్ పాట చిన్న గదిలో మెరుగుపెట్టినట్టు, మెంఫిస్ పాట హాలు మధ్యలో నిలబడి వాయించినట్టు ఉంటుంది.

ఇక్కడి గుంపు బుకర్ టి అండ్ ది ఎం.జి.స్. ఆర్గన్ బుకర్ టి జోన్స్, గిటారు స్టీవ్ క్రాపర్, డ్రమ్స్ అల్ జాక్సన్ జూనియర్, బేస్ మొదట లూయీ స్టైన్‌బర్గ్, తర్వాత డొనాల్డ్ 'డక్' డన్. డన్ వచ్చాక ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. 60ల మెంఫిస్‌లో ఆ నలుగురూ కలిసి కూర్చుని భోంచేయగలిగిన చోట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి లొరేన్ మోటెల్. ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ కలిసి 'నాక్ ఆన్ వుడ్' రాసింది అక్కడే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చిచంపిందీ అక్కడే. ఆ తర్వాత మెంఫిస్‌లో ఏదీ మునుపటిలా లేదు, స్టాక్స్ గదిలో కూడా.

స్టాక్స్ ఆనవాలు ఏంటంటే, స్నేర్ దెబ్బ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. దానికో కథ ఉంది. 1965లో గాయకుడు విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' రికార్డు చేస్తున్నారు. అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ న్యూయార్క్ నుంచి వచ్చి, ఈమధ్య పిల్లలు ఇలా ఆడుతున్నారు అంటూ రికార్డింగు గదిలోకి వచ్చి 'జెర్క్' డాన్సు చేసి చూపించాడు. నడివయసు మనిషి. నవ్వు ఆపుకుంటూనే క్రాపర్, జాక్సన్ ఆ కుదుపుకి తగ్గట్టు రెండో దెబ్బ, నాలుగో దెబ్బ కాస్త వెనక్కి లాగారు. అంతే, ఆ తర్వాత స్టాక్స్ నడకే అదైపోయింది. మోటౌన్ పాటకి మీరు చప్పట్లు కొడితే డ్రమ్‌తో కలుస్తాయి. స్టాక్స్ పాటకి కొడితే మీ చప్పట్లే ముందు పడతాయి. ఇంట్లో చేసి చూడండి.

రెండో ఆనవాలు, వయొలిన్ల చోట ట్రంపెట్, శాక్సోఫోన్. వెయిన్ జాక్సన్, ఆండ్రూ లవ్ వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి. మూడోది ఖాళీ. క్రాపర్ అవసరం లేనిచోట ఒక్క స్వరం వాయించడు. బేస్ కూడా మోటౌన్‌లాగా కబుర్లు చెప్పదు. డక్ డన్ ఒక ముక్క పట్టుకుని దాని మీదే ఉంటాడు, ఎద్దు బండి లాగినట్టు. సామ్ అండ్ డేవ్ 'సోల్ మ్యాన్' (1967) వినండి. నేను మొదట్లో ఇది తేలికనుకున్నాను. జేమర్సన్ వాయించడం కష్టం, డన్‌లా వాయించకుండా ఉండటం ఇంకా కష్టం.

స్టాక్స్‌కి ఒకే ఒక్క పాట వినే టైముంటే ఓటిస్ రెడ్డింగ్ 'ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్' (1966). పాట 1932 నాటిది, అప్పట్లో మర్యాదగా సూటు వేసుకుని పాడే పాట. ఓటిస్ చేతిలో ఏమైందో చూడండి. మొదట బాకాలు నెమ్మదిగా. కాసేపటికి అల్ జాక్సన్ డ్రమ్ అంచు మీద పుల్లతో టిక్, టిక్, టిక్ అని మొదలుపెడతాడు, గోడ గడియారంలా. ఓటిస్ ఇంకా మెల్లగానే పాడుతున్నాడు, గడియారం మాత్రం ఆగదు. ఒక్కో చరణానికి ఒక్కొక్కరు చేరతారు, వేగం పెరిగిందా లేదా అని మీకు అనుమానమొస్తుంది, చివరి నిమిషంలో ఓటిస్‌కి మాటలు అయిపోతాయి. మాటలు అయిపోయాక కూడా పాడుతూనే ఉంటాడు. నేను ఈ పాట కారులో పెట్టను, ఒకసారి ఎగ్జిట్ దాటిపోయాను.

ఓటిస్ స్టాక్స్‌కి 1962లో వచ్చింది గాయకుడిగా కాదు, ఇంకో బ్యాండువాళ్ల కారు నడుపుకుంటూ. వాళ్ల రికార్డింగు కుదరక టైము మిగిలితే, నేనొక పాట పాడొచ్చా అని అడిగాడు. అదే 'దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్'. ఐదేళ్ల తర్వాత, 1967 డిసెంబరు 10న, విస్కాన్సిన్‌లో మెడిసన్ దగ్గర మొనోనా సరస్సులో ఆయన విమానం కూలింది. 26 ఏళ్లు. వెంట ఉన్న బార్-కేస్ బ్యాండు కుర్రాళ్లలో ట్రంపెట్ వాయించే బెన్ కాలీ ఒక్కడే బతికాడు. పోయేముందు రోజుల్లో రికార్డు చేసిన '(సిటిన్ ఆన్) ది డాక్ ఆఫ్ ది బే' ని క్రాపర్ ఆ దుఃఖంలోనే కూర్చుని అలల చప్పుడు కలిపి పూర్తిచేశాడు. చనిపోయిన గాయకుడి పాట అమెరికాలో నంబర్ వన్ కావడం అదే మొదటిసారి. చివర్లో ఈల వినిపిస్తుంది చూశారా, అక్కడ పాట ఖాళీగానే ఉంది.

అరీతా ఫ్రాంక్లిన్ ఏ ఊరిది అని మీరు అడగలేదు గానీ ఎవరైనా అడుగుతారు. పుట్టింది మెంఫిస్, పెరిగింది డెట్రాయిట్‌లో తండ్రి పాస్టరుగా ఉన్న చర్చిలో. కానీ ఆమె మోటౌన్‌లోనూ పాడలేదు, స్టాక్స్‌లోనూ పాడలేదు. 1967 జనవరిలో వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కి, రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోకి తీసుకెళ్లాడు. గదిలో వాయించేవాళ్లంతా తెల్ల కుర్రాళ్లు. ఆమె పియానో ముందు కూర్చుంది, కాసేపు ఎవరికీ ఏం వాయించాలో తోచలేదు. అప్పుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న ముక్క పట్టుకున్నాడు, పాట దొరికింది. అదే 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్'. ఆ రాత్రే మాటా మాటా పెరిగి గొడవైంది, మర్నాడు అరీతా వెళ్లిపోయింది. వెక్స్‌లర్ ఆ కుర్రాళ్లనే న్యూయార్క్ రప్పించి మిగతాది అక్కడ చేయించాడు. ఫిబ్రవరి 14న 'రెస్పెక్ట్' రికార్డయింది.

'రెస్పెక్ట్' మీకు మంచి వ్యాయామం. ఓటిస్ రాసి 1965లో పాడిన పాట అది. ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడుగుతున్నాడు. అరీతా అదే పాట తీసుకుని అడిగేవాళ్లని మార్చేసింది. ఆ మాటని అక్షరం అక్షరం విడదీసి పలికే చోటు ఓటిస్ పాటలో లేదు, అరీతా పెట్టింది. ఆ అమ్మాయి నా పాట ఎత్తుకుపోయిందని ఓటిస్ మాంటెరీ సంగీతోత్సవం వేదిక మీద నవ్వుతూ చెప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని మొదటిసారి గొంతులు, రెండోసారి డ్రమ్స్, మూడోసారి బేస్ వినండి.

ఇంకో వ్యాయామం ఒకే ఊరిది: 'ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్'. మోటౌన్‌లోనే, నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ చేతిలోనే రెండు రకాలు. గ్లాడిస్ నైట్‌ది 1967, చర్చిలో చప్పట్లు కొట్టినంత హుషారు. మార్విన్ గేది 1968లో సింగిల్‌గా (విడి రికార్డుగా) వచ్చింది, చీకట్లో ఎవరో వెనక నడుస్తున్నట్టు. మార్విన్ గొంతుకి సౌకర్యంగా ఉండే శ్రుతి కంటే పైన పెట్టించాడు విట్‌ఫీల్డ్, ఆ బాధ పాటలో కావాలని. నిజానికి మార్విన్‌దే ముందు రికార్డయింది, గోర్డీ పక్కన పెట్టాడు.

లాస్ ఏంజెలెస్ గురించి పొట్టిగా చెబుతాను, అది సోల్ కంటే పాప్ కథ. హాల్ బ్లెయిన్ డ్రమ్స్, కరోల్ కే బేస్. రోనెట్స్ 'బీ మై బేబీ' (1963) మొదట్లో ఆ దుమ్, దు-దుమ్, ఠప్ హాల్ బ్లెయిన్‌దే. దాన్ని అప్పటినుంచి ఎంతమంది ఎత్తుకున్నారో లెక్కలేదు. కరోల్ కే గిటారిస్టు. 1963లో ఒకరోజు బేస్ వాయించే మనిషి రాకపోతే అది పట్టుకుంది, ఇక దింపలేదు.

వినేముందు రెండు జాగ్రత్తలు. ఈ ఊరొచ్చిన కొత్తలో పెట్రోలు బంకులో నలభై హిట్లు ఉన్న సీడీల పెట్టె చవగ్గా కొన్నాను. ఇంటికొచ్చి పెడితే గొంతులు వాళ్లవే, పాటలు వాళ్లవే, ప్రాణం లేదు. అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, మళ్లీ రికార్డు చేసినవి అని. పాత గాయకులు తర్వాత వేరే కంపెనీలకు కొత్త వాయిద్యగాళ్లతో పాడినవన్నమాట. స్ట్రీమింగ్‌లో కూడా ఇవి కుప్పలుగా ఉన్నాయి. పేరు పక్కన 'రీ-రికార్డెడ్' అని ఉందేమో, కింద మోటౌన్, స్టాక్స్, అట్లాంటిక్ లాంటి అసలు లేబుల్ పేరుందో లేదో చూసుకోండి. రెండోది, దొరికితే మోనో వినండి, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేది. కారు రేడియోలో, చిన్న స్పీకరులో బాగుండేలా కలిపిన పాటలివి. కొన్ని స్టీరియోల్లో గొంతంతా ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో పడి పాట రెండు ముక్కలైనట్టుంటుంది. కానీ బేస్ విడిగా నేర్చుకోవాలంటే ఆ స్టీరియోలే ఉపయోగం, ఒక ఇయర్‌ఫోన్ తీసేస్తే చాలు.

వాయించడానికి క్రమం: ముందు బుకర్ టి 'గ్రీన్ ఆనియన్స్' (1962), చేయి కదలకుండా ఉండటం నేర్చుకోవడానికి. తర్వాత 'మై గర్ల్', ఖాళీ ఖాళీగా ఉంచడం కోసం, ఆ డి కి వెళ్లే చోటు మర్చిపోకుండా. ఆపైన 'సోల్ మ్యాన్'. 'బెర్నడెట్' కనీసం ఏడాది పక్కన పెట్టండి. 'వాట్స్ గోయింగ్ ఆన్' జోలికి ఇప్పుడే వెళ్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

తీగల సంగతి. జేమర్సన్ మార్చేవాడు కాదన్నది నిజమే, తెగితే తప్ప. కానీ ఆయన వాడింది లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, పైన నున్నగా ఉంటాయి, పాతబడేకొద్దీ మెత్తబడతాయి. మీ గిటారుతో పాటు వచ్చినవి దాదాపు ఖాయంగా గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్. అవి మార్చకుండా ఉంచితే జేమర్సన్ శబ్దం రాదు, జిడ్డు శబ్దం వస్తుంది. ఒకసారి ఖర్చుపెట్టి ఫ్లాట్‌వౌండ్ సెట్టు వేయించుకుని, ఆ తర్వాత మర్చిపోండి. ఈలోగా ఒక పని చేయొచ్చు. ఆయన గిటారులో బ్రిడ్జి (తీగలు కింది చివర ఆనే చోటు) మూత కింద తీగలకు ఆనుకుని స్పాంజి ఉండేది, దుమ్ అని మోగి టక్కున ఆగిపోవడం దానివల్లే. గిన్నెలు తోమే స్పాంజి లోంచి వేలెడు ముక్క కోసి బ్రిడ్జి పక్కన తీగల కింద దోపండి. కొత్త స్పాంజి తీసుకోండి, మా ఆవిడ నాకు ఈ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.